దేశం మారే ముందు: కావేరి నీళ్ళా, బోరు నీళ్ళా?

(బెంగళూరులోని తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది. తడబాట్లను మాత్రమే తొలగించాం.)

సభకు నమస్కారం. వెనుక పిల్లలు ఆడుకుంటున్నారు, వారిని ఆపకండి. నేనే కొంచెం గొంతు పెంచి మాట్లాడతాను.

ముందుగా మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. ఇక్కడ కూర్చున్నవాళ్ళందరం ఏదో ఒకనాడు ఈ ఊరికి వలస వచ్చినవాళ్ళమే. అనంతపురం నుంచో, నెల్లూరు నుంచో, నాలాగా హిందూపురం నుంచో వచ్చి ఇక్కడ అద్దె ఇల్లు వెతుక్కున్నవాళ్ళమే. ఇల్లు చూడగానే ఇంటివారిని మొదట ఏమడిగారు? కావేరి నీళ్ళు వస్తాయా, బోరు నీళ్ళేనా అని కదా? తరువాత, ఎండాకాలంలో ట్యాంకరు తెప్పిస్తే ఆ డబ్బు ఎవరు కట్టాలి అని అడిగారు. అడ్వాన్సు పది నెలలదా, ఆరు నెలలకు దిగుతారా అని అడిగారు. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు పేరుతో ఎంత పట్టుకుంటారో అది కూడా అడిగారు. పదకొండు నెలల అగ్రిమెంటు కోసం ఇన్ని ప్రశ్నలు వేసిన మనం, దేశమే మారేటప్పుడు ఎన్ని వేస్తున్నాం? జీతం ఎంత? వీసా ఎప్పుడొస్తుంది? ఈ రెండే.

నేను పనిచేసిన సంస్థలో చివరి పన్నెండేళ్ళు, మనవాళ్ళను విదేశీ శాఖలకు పంపే విభాగంలో ఉన్నాను. అంతకు ముందు నేనే కుటుంబంతో జర్మనీలో కొన్నేళ్ళు ఉండి వచ్చాను. కాబట్టి నేను చెప్పేది కొంత ఆఫీసు ఫైళ్ళలో చూసినది, కొంత ఒంటి మీద పడినది. ఆ రెండింటిలోనూ నాకు కనిపించింది ఒకటే. వెళ్ళే దారి గురించి అందరూ ఆరా తీస్తారు. వెళ్ళిన తరువాత అక్కడ ఏ ఆధారం మీద నిలబడి ఉంటామో, ఆ ఆధారం జారిపోయిన రోజున ఏమవుతుందో ఆరా తీసేవారు చాలా తక్కువ. ట్యాంకరు డబ్బు ఎవరు కట్టాలన్న ప్రశ్న అక్కడ వేయం.

వీసా వచ్చింది అంటాం, స్వీట్లు పంచుతాం. ఆ వీసా ఎవరిది? పాస్‌పోర్టులో అతికించినది మనదే, కాని అమెరికా హెచ్-1బి తీసుకుంటే దరఖాస్తు పెట్టినది యజమాని, ఆమోదం పొందినది యజమాని. ఆ ఉద్యోగం పోతే మరో యజమానిని వెతుక్కోవడానికి గాని, హోదా మార్చుకోవడానికి గాని, దేశం విడవడానికి గాని దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. పిల్లవాడి బడి సంవత్సరం మధ్యలో ఉంటుంది, కారు అప్పు మిగిలి ఉంటుంది, ఇంటి లీజు నడుస్తూ ఉంటుంది. ఆ 60 రోజులు ఎలా గడుస్తాయో నేను ఫోనులో విన్నాను, ఒకసారి కాదు, చాలాసార్లు విన్నాను. కాబట్టి ఏ దేశమైనా సరే మొదట అడగవలసినది, నా అనుమతి ఎవరికి ముడిపడి ఉంది? ఆ ముడి తెగితే ఎన్ని రోజులు? ఉద్యోగం మారితే కొత్త అనుమతి కావాలా, కబురు చేస్తే చాలా? ఈ మూడింటికీ సమాధానం కాగితం మీద చూసేదాకా టికెట్టు కొనవద్దు.

రెండో ప్రశ్న ఇంట్లోవారిది. మా విభాగానికి వచ్చే దంపతుల్లో ఇద్దరూ ఉద్యోగస్తులే. ఒకరి ఆఫరు గురించి గంటసేపు మాట్లాడతారు, రెండోవారి గురించి "అక్కడికి వెళ్ళాక చూసుకుంటారు లెండి" అంటారు. ఎలా చూసుకుంటారండీ? అమెరికాలో హెచ్-4 మీద వెళ్ళిన భార్య గాని, భర్త గాని ఉద్యోగం చేయాలంటే, సాధారణంగా హెచ్-1బి ఉన్నవారి గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసిన ఐ-140 ఆమోదం పొందాలి. ఆ వెసులుబాటు కూడా 2015లో వచ్చినదే. జర్మనీలో బ్లూ కార్డు మీద, అంటే పెద్ద చదువులున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే అనుమతి మీద, వెళ్ళినవారి జీవిత భాగస్వామికి పనిచేసే హక్కు మొదటి నుంచే ఉంటుంది. ఇక్కడ అదే డిగ్రీ, అదే అనుభవం, కాని ఒక దేశంలో ఆవిడ ఉద్యోగి, మరో దేశంలో కొన్నేళ్ళపాటు ఖాళీగా కూర్చోవలసిన మనిషి. ఇది వెళ్ళాక చూసుకునే సంగతా?

పిల్లల సంగతి ఇంకా సున్నితం. అమెరికా ఉద్యోగాల కోటా గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడాదికి మామూలుగా 7 శాతానికి మించి ఇవ్వరు. అందుచేత భారతదేశంలో పుట్టినవారి వరుస పదేళ్ళు దాటి సాగుతోంది. ఆ వరుసలో ఉండగానే పిల్లవాడికి 21 నిండితే, అతను తల్లిదండ్రుల కాగితం మీద ఆధారపడి ఉండే వీలు పోతుంది. కొన్ని సర్దుబాట్లు ఉన్నాయి, కాని అందరికీ అవి అందవు. పన్నెండేళ్ళ పిల్లవాడితో వెళ్ళే తండ్రి లెక్క వేసుకోవలసినది తన వయసు కాదు, ఆ పిల్లవాడి వయసు.

ఇప్పుడు మీలో కొందరు మనసులో అనుకుంటూ ఉంటారు, "మావాడు అక్కడే ఉన్నాడు, వాడిని అడిగితే సరిపోదా" అని. అడగండి. కూరగాయలు ఎక్కడ చవకో, గుడి ఎక్కడుందో, ఏ వీధిలో ఇల్లు తీసుకోకూడదో మీ బంధువుకు తెలిసినంత ఏ ప్రభుత్వానికీ తెలియదు. కాని చట్టం విషయంలో మీ బంధువు చెప్పేది తాను వెళ్ళిన సంవత్సరపు చట్టం. బ్రిటన్‌నే చూడండి. 2023లో కేర్ వర్కరుగా, అంటే వృద్ధులను, రోగులను చూసుకునే పనికి, వెళ్ళిన అమ్మాయి భర్తనూ పిల్లలనూ వెంట తీసుకువెళ్ళగలిగింది. 2024 మార్చి 11 తరువాత అదే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన అమ్మాయికి ఆ వీలు లేదు. 2025 జులై వచ్చేసరికి విదేశాల నుంచి ఆ ఉద్యోగానికి కొత్తగా తీసుకోవడమే ఆగిపోయింది. 2024 జనవరి నుంచి మొదలయ్యే మాస్టర్స్ కోర్సుల్లో, పరిశోధన కోర్సులు తప్ప మిగిలినవాటికి, కుటుంబాన్ని తీసుకువెళ్ళడం కుదరదు. మొదటి అమ్మాయి చెప్పినది అబద్ధమా? కాదు. గడువు తీరిన నిజం. అమెరికాలో 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల చెల్లింపు ప్రకటన వెలువడి రెండు రోజుల్లోనే అమలులోకి వచ్చింది. సెలవు మీద ఇండియాకు వచ్చినవారు అది తమకు వర్తిస్తుందో లేదో తెలియక విమానాశ్రయాలకు పరుగెత్తారు. అందుకని, బంధువును ఊరి గురించి అడగండి, చట్టాన్ని ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటులోనే చదవండి, ప్రయాణానికి ముందు వారంలో మళ్ళీ ఒకసారి చదవండి.

చదువుకోవడానికి వెళ్ళేవారు ప్రభుత్వ జాబితాలో విశ్వవిద్యాలయం పేరు చూసుకుంటే చాలా? చాలదని మన తెలుగు పిల్లలకే తెలిసివచ్చింది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం వీసా మోసాల కేసులో మూతపడినప్పుడు చిక్కుకున్న విద్యార్థుల్లో తెలుగువారే ఎక్కువ. కొందరి కాళ్ళకు ఎలక్ట్రానిక్ పట్టీలు తగిలించారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం సంగతి మరీ విచిత్రం. ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపినది అమెరికా ప్రభుత్వ అధికారులే, అక్రమాలను పట్టుకోవడానికి వేసిన వల అది. విద్యార్థులను తీసుకునే సంస్థల అధికారిక జాబితాలో దాని పేరు ఉంది, కాని పాఠాలు లేవు, పాఠం చెప్పేవారు లేరు. కాబట్టి జాబితాతో ఆగకుండా, ఆ వీధిలో ఆ భవనం ఉందా, ఈ సెమిస్టరులో ఫలానా పాఠం ఎవరు చెబుతున్నారు, నిరుడు చేరిన విద్యార్థి ఒకరితో మాట్లాడవచ్చా అని అడగాలి. పెళ్ళి సంబంధానికి మనం చేసే విచారణలో సగం చేసినా ఈ సంగతి బయటపడుతుంది.

ఏజెంట్ల గురించి ఎక్కువ చెప్పను, ఈ సభలో ఆ అవసరం తక్కువ. కాని మన ఊళ్ళలో తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు ఉన్నారు కనుక వారికోసం వినండి. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి. ఆ పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనిపిస్తుంది. అతను అభ్యర్థి దగ్గర తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర అడిగాడంటే అక్కడే లేచి రావాలి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, వారు గల్ఫ్ దేశాలతో సహా కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. "ముందు విజిటింగ్ వీసా మీద వెళ్ళు, అక్కడ మార్పిస్తాను" అనే మాట వినబడితే, ఆ కుర్రవాడి కోసం అక్కడ ఎవరో కాచుకుని ఉన్నారని అర్థం. 2024లో విశాఖ ప్రాంతం కుర్రవాళ్ళను డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కంబోడియాలో సైబర్ మోసాల ముఠాలకు అప్పగించారు. ఆ సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు.

ఇక పేరు. నవ్వకండి, పేరే. తెలుగువారికి ఉన్నంత పేరు కష్టం మరెవరికీ లేదు. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనుక. పదో తరగతి సర్టిఫికెట్టులో కె. వెంకట రమణ. డిగ్రీలో వెంకట రమణ కె. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి పూర్తిగా రాస్తారు, లేదా ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. అమెరికా వీసాలో సొంత పేరు గడి ఖాళీగా ఉంటే ఎఫ్ఎన్‌యూ అని అచ్చవుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. ఇక ఆ మనిషి బ్యాంకులో, ఆసుపత్రిలో, జీతం చీటీలో మిస్టర్ ఎఫ్ఎన్‌యూ. యూఏఈ అయితే 2022 నవంబరు నుంచి, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి రెండో గడి ఖాళీగా ఉన్నవారికి విజిట్ వీసాలు ఇవ్వబోమని చెప్పింది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళకు చిక్కు రెట్టింపు. పెళ్ళి రిజిస్ట్రారు ఇచ్చిన పత్రం ఉండాలి గాని, శుభలేఖ, ఆల్బమ్ చూపిస్తే ఏ కార్యాలయమూ ఒప్పుకోదు. జనన ధ్రువీకరణ పత్రాలు తీసి చూసుకోండి, మన తరంలో చాలామందికి పేరు గడి ఖాళీగానే ఉంటుంది. పుట్టిన రోజున పేరు పెట్టరు కదా, నామకరణం అయ్యాక మళ్ళీ మునిసిపాలిటీకి వెళ్ళినవారు ఎందరు?

పత్రాలకు ముద్రలు వేయించడం మరొక ప్రయాణం. భారతదేశం 2005లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కనుక, ఆ ఒప్పందంలో ఉన్న దేశాల్లో చాలావాటికి మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు. కెనడా అందులోకి వచ్చినది 2024 జనవరిలోనే. యూఏఈ అందులో లేదు, అక్కడికి వెళ్ళేవారికి రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. విదేశాంగ శాఖ కంటే ముందు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, అది మామూలుగా పత్రం ఇచ్చిన రాష్ట్రంలోనే జరగాలి. అనంతపురంలో చదివి బెంగళూరులో ఉంటున్నవారు ఇక్కడి కార్యాలయం చుట్టూ తిరిగి ప్రయోజనం లేదు.

డిగ్రీ అక్కడ చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. జర్మనీకి అనాబిన్ అనే అధికారిక జాబితా ఉంది, మన కాలేజీ, మన డిగ్రీ అందులో ఎలా నమోదై ఉన్నాయో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ పనికి ఇది ఒక మెట్టు. నర్సుకూ డాక్టరుకూ ఫార్మసిస్టుకూ అలా కాదు, వారు వీసాతో పాటు ఆ దేశపు వృత్తి మండలి లైసెన్సు పొందాలి, చాలాచోట్ల భాషా పరీక్ష, వృత్తి పరీక్ష రాయాలి. ఇక్కడ ఇరవై ఏళ్ళు వైద్యం చేసిన డాక్టరు కూడా అమెరికాలో ఆ పని చేయాలంటే యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు రాసి, మళ్ళీ రెసిడెన్సీ చేయడమే మామూలు దారి. కెనడాలోనైతే లైసెన్సు లేకుండా ఇంజనీరు అని పేరు పక్కన రాసుకోవడానికి కూడా చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు. ఈ హాల్లో ఎంతమంది బోర్డులు దింపాలో చూసుకోండి.

నా సొంత కథ ఒకటి చెబుతాను, డబ్బు లెక్కకు అదే దారి. 2004 అక్టోబరులో మేము స్టుట్‌గార్ట్‌లో దిగాం. కంపెనీవారు ఇల్లు చూసిపెట్టారు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టిన నేను, అక్కడ మూడు నెలల మూల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదని చట్టమే ఉందని తెలిసి పొంగిపోయాను. శనివారం రాత్రి తాళం తీసి లోపలికి వెళితే వంటగదిలో గోడలోంచి బయటికి వచ్చిన రెండు నీటి గొట్టాలు తప్ప ఏమీ లేవు. గట్టు లేదు, సింకు లేదు, పొయ్యి లేదు, దీపం ఉండవలసిన చోట తీగలు వేలాడుతున్నాయి. మా ఆవిడ చాలాసేపు ఆ గొట్టాల వంక చూసి, "ఈ ఊళ్ళో వంట చేసుకోరా?" అంది. అక్కడ అద్దెకున్నవారు వంటగదిని సొంతంగా కొనుక్కుని, వెళ్ళేటప్పుడు ఊడదీసుకుని పోవడం మామూలేనట. తెల్లవారితే ఆదివారం, చట్టప్రకారం దుకాణాలు మూత. హిందూపురం నుంచి తెచ్చిన మురుకులతో ఆ రోజు గడిచింది. నేను అడగవలసిన ప్రశ్న ఎంత చిన్నది? "ఇంట్లో ఏమేమి ఉన్నాయి?" అంతే. ఈ ఊళ్ళో అయితే గీజరు ఉందా అని అడగకుండా అడ్వాన్సు ఇస్తానా?

అక్కడ అద్దె కూడా రెండు రకాలు, చల్లని అద్దె, వెచ్చని అద్దె అంటారు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండేది చల్లనిది. వేడికి, నీళ్ళకు, చెత్తకు కలిపితే వెచ్చనిది. చిరునామా దొరికిన రెండు వారాల్లో ఊరి కార్యాలయంలో నమోదు కావాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. ఆ నమోదు మీదనే పన్ను సంఖ్య, చాలాచోట్ల బ్యాంకు ఖాతా, మరెన్నో ఆధారపడి ఉంటాయి. కాబట్టి తాత్కాలికంగా దిగే చోట ఆ కాగితం ఇస్తారా లేదా అన్నది, గదిలో కిటికీ ఉందా లేదా అన్నదానికంటే ముఖ్యం.

జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మనందరికీ ఉన్న జబ్బు, నాకూ ఉండేది. ఖర్చు రూపాయల్లో పెట్టం కదా? జర్మనీలో ఒంటరి ఉద్యోగి జీతంలో పన్ను, ఆరోగ్య బీమా, పింఛను చందా కలిపి మామూలుగా మూడో వంతుకు పైగానే కోతపడుతుంది. బ్రిటన్‌కు వెళ్ళే చాలామంది ఉద్యోగులు వీసా రుసుముతో పాటు ఆరోగ్య సర్‌చార్జి ముందే కట్టాలి. పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మూడేళ్ళ వీసా అనుకోండి, మొత్తం 10,866 పౌండ్లు, విమానం ఎక్కకముందే. ఇది కంపెనీ కడుతుందా, మనం కట్టాలా అన్నది ఆఫరు మీద సంతకం పెట్టకముందు అడగవలసిన ప్రశ్న. సంతకం పెట్టాక అడిగితే అది ప్రశ్న కాదు, ప్రార్థన.

భాష గురించి ఒక్క మాట. ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు అంటారు, ఆఫీసులో నిజమే. కాని జర్మనీలో బ్లూ కార్డు ఉన్నవారికి శాశ్వత నివాసం ప్రాథమిక జర్మన్‌తో 27 నెలలకు, బి1 అనే మధ్యస్థాయి జర్మన్ వస్తే 21 నెలలకు దొరుకుతుంది. ఆరు నెలల తేడా. ఇక్కడ ఉండగానే సాయంత్రం తరగతులకు వెళ్ళి సంపాదించుకోగలిగినది అది.

ఇంతవరకు అక్కడి సంగతులు. ఇక్కడ వదిలివెళ్ళేవాటి గురించి ఎవరూ అడగరు, నేను చెప్పక తప్పదు. ఉద్యోగం కోసం దేశం విడిచిన రోజు నుంచి విదేశీ మారకపు చట్టం, అంటే ఫెమా, దృష్టిలో మీరు ప్రవాసులు. మామూలు సేవింగ్స్ ఖాతాను ప్రవాసుల కోసం ఉండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. పీపీఎఫ్ కొత్తగా తెరవడానికి లేదు. మనవాళ్ళకు అన్నిటికంటే తగిలేది పొలం. ప్రవాస భారతీయుడు ఇక్కడ ఇల్లు కొనవచ్చు, స్థలం కొనవచ్చు, వ్యవసాయ భూమి కొనడానికి వీలులేదు. ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చేది తీసుకోవచ్చు. కాని తండ్రి బతికుండగా దానపత్రం రాసి ఇస్తే అది చెల్లదు. "నాన్నా, నా పేర మీద రాసెయ్యి" అని ఫోనులో అడిగే కొడుకులు ఈ తేడా తెలుసుకోవాలి. ఇక ఆ దేశపు పౌరసత్వమే తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డును చాలామంది రెండో పౌరసత్వం అనుకుంటారు, దానితో ఓటు లేదు, పొలం కొనే హక్కూ లేదు.

పింఛను కూడా చూసుకోండి. జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, కెనడా వంటి దేశాలతో మనకు సామాజిక భద్రత ఒప్పందాలు ఉన్నాయి. ఇక్కడి కంపెనీ కొంతకాలానికి పంపుతుంటే పీఎఫ్ కార్యాలయం నుంచి ధ్రువపత్రం తీసుకువెళ్ళవచ్చు, దానితో రెండుచోట్లా చందా కట్టే బాధ తప్పుతుంది. అమెరికాతో అటువంటి ఒప్పందం లేదు. అక్కడ మామూలుగా పదేళ్ళ పని లెక్క పూర్తయితేనే పింఛనుకు అర్హత. తొమ్మిదో ఏట తిరిగివచ్చే ఆలోచన ఉన్నవారు క్యాలెండరు ఒకసారి చూసుకుని రండి.

సమయం అయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. పెట్టె సర్దుకునే సంగతి ఒక్కటి చెప్పి కూర్చుంటాను. మందులు. ఇక్కడ డాక్టరు చీటీ మీద సులువుగా దొరికే కొన్ని నొప్పి మాత్రలు, ట్రమడాల్, కోడీన్ ఉన్నవి, యూఏఈలో ముందస్తు అనుమతి లేకుండా తీసుకువెళ్ళడం నేరం. సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించి ఉన్న జలుబు మందు జపాన్‌లోకి రానివ్వరు. ఆస్ట్రేలియాలో దిగేవారు తినే వస్తువు ఏదున్నా ఫారంలో రాయాలి, పచ్చడి సీసా సహా. రాస్తే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా వేస్తారు.

అన్నిటికీ మించి గసగసాలు. అవునమ్మా, గసగసాలే. ఈ ఊళ్ళో పాయసం చేసుకుంటాం, మనం కోడికూర మసాలాలో వేస్తాం. యూఏఈలో, సింగపూర్‌లో అవి మాదకద్రవ్యాల నిషేధం కిందికి వస్తాయి. పొట్లం విడిగా ఉంటే సర్దేటప్పుడు మీకే కనిపిస్తుంది, తీసి పక్కన పెట్టేస్తారు. మసాలా పొడిలో కలిసిపోయినవి ఎవరికి కనిపిస్తాయి? అందుకని ఆ దేశాలకు వెళ్ళేవారు పెట్టె మూసే ముందు, ఆ పొడి కొట్టిన అమ్మనో అత్తగారినో పిలిచి, ఇందులో ఏమేమి వేశారని అడగండి.